పిల్లికూతలు వస్తుంటే ఇంట్లో ఎంతవరకు చూడొచ్చు, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి?

మూడేళ్ల బాబుకి జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు వస్తున్నాయి, డాక్టర్ ఇన్‌హేలర్ రాస్తే ఇంట్లో పెద్దవాళ్లు అలవాటైపోతుందని వద్దంటున్నారు, అర్ధరాత్రి ఎక్కువైతే ఏం చేయాలి అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదండీ. మా అమ్మాయికి రెండో ఏట మొదలై, బడిలో చేరాక కూడా కొంతకాలం వానాకాలం వస్తే చాలు ఇదే తంతు. పిల్లల డాక్టరు గారు అప్పట్లో ఓపిగ్గా నేర్పినవే ఇక్కడ చెప్తున్నా.

ఆవిడ ముందు నేర్పింది కూత వినడం కాదు, చొక్కా విప్పి చూడడం. కూత ఎంత గట్టిగా వినిపిస్తే అంత ప్రమాదం అనుకుంటాం. పక్క గదిలోకి వినిపించేంత కూత ఉన్నా మా పిల్ల బొమ్మలతో ఆడుకున్న రోజులున్నాయి. బాగా ఆయాసపడుతున్న పిల్లాడికి కూత ఉన్నట్టుండి ఆగిపోతేనే ఎక్కువ భయపడాలి. లోపల గాలి ఆడకపోతే చప్పుడూ రాదు.

చొక్కా విప్పాక చూడాల్సింది డొక్కలు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటోందా, గొంతు కింద గుంట పడుతోందా, ముక్కుపుటాలు ఎగురుతున్నాయా? తర్వాత, ఏడవని సమయంలో గడియారం పెట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకి 40 లేదా అంతకు మించితే వేగం ఎక్కువైనట్టు. రెండు నెలలు దాటి ఏడాది లోపు వాళ్లకి ఆ లెక్క 50. జ్వరానికీ ఊపిరి కాస్త పెరుగుతుంది గానీ, డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం జ్వరం తగ్గాక చూద్దాంలే అని కూర్చోకండి.

ఇక ఇన్‌హేలర్ సంగతి. పిల్లికూతలు వచ్చేది ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాలు వాచి, బిగుసుకుని, కఫంతో ఇరుకైపోవడం వల్ల. సాల్బుటమాల్, అంటే అస్తాలిన్ పేరుతో దొరికే మందు, ఆ బిగుసుకున్న గొట్టాలను కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది. ఒక పఫ్‌లో, అంటే ఇన్‌హేలర్ ఒక్కసారి నొక్కితే వచ్చే మందులో, ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్ 5 మిల్లీలీటర్లలో 2 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 20 పఫ్‌ల మందు! ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి కాబట్టి అంత పోయాలి, గుండెదడ, చేతుల వణుకూ అందుకే ఎక్కువ. ఇన్‌హేలర్‌కి భయపడే ఇళ్లలో ఈ సిరప్ మాత్రం నిశ్చింతగా పోసేస్తారు. మీ పెద్దవాళ్లకి ఈ లెక్క చెప్పి చూడండి, మా మామగారు దీంతోనే మెత్తబడ్డారు. అలవాటుపడే గుణం దీనికి లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి మాటిమాటికీ అవసరం పడుతుంటే, రోజూ వాడే నివారణ మందు కావాలనో, ఉన్నది సరిపోవడం లేదనో అర్థం.

మూడేళ్లవాడికి స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే బోలు గొట్టం), దానికి మాస్కు తప్పనిసరి. ఇన్‌హేలర్ బాగా ఊపి, మాస్కు ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, ఒక్క పఫ్ కొట్టి, ఐదారు ఊపిర్లు తీసుకోనివ్వండి. రెండో పఫ్‌కి మళ్లీ ఊపి మొదటి నుంచి. రెండు పఫ్‌లు ఒకేసారి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. మామూలు ఆయాసానికి ఇది నెబ్యులైజర్‌కి, అంటే మందును పొగమంచులా చేసి పీల్పించే యంత్రానికి, ఏమీ తీసిపోదు. ఈ వయసు వాళ్లకి సాధారణంగా చెప్పేది రెండు పఫ్‌లు, తగ్గకపోతే 20 నిమిషాల తేడాతో ఇంకో రెండుసార్లు. మొత్తం ఆరు పఫ్‌లకీ తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి రెండు గంటల్లోపే మళ్లీ కావాల్సి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, బయల్దేరండి. మీ డాక్టర్ వేరే మోతాదు రాసిస్తే అదే పాటించండి.

పెదవులు నీలంగానో బూడిద రంగులోనో మారినా, మాట పూర్తిచేయలేకపోతున్నా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా, మగతగా వాలిపోతున్నా ఈ లెక్కలేవీ వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, డాక్టర్ చెప్పిన మోతాదులో పఫ్‌లు ఇస్తూనే ఉండండి. ఆయాసపడి పడి అలసిన పిల్లాడు మత్తుగా పడుకుంటే 'హమ్మయ్య, తగ్గి నిద్రపోయాడు' అనుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 92 శాతం కన్నా తక్కువైతే ఆలోచించక్కర్లేదు, ఆసుపత్రికే. పైన ఉన్నా డొక్కలు ఎగరేస్తుంటే అంకెను నమ్మకండి.

జలుబు, జ్వరం ఏమీ లేకుండా, తింటూనో ఆడుతూనో ఉన్నట్టుండి దగ్గుతో పొరబోయి కూత మొదలైతే అది వేరే కథ. వేరుశెనగ గింజో బఠాణీయో ఊపిరి గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు. కాసేపటికి దగ్గు తగ్గినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఎక్స్‌రేలో గింజ కనబడకపోవచ్చు కాబట్టి ఏం తింటుండగా మొదలైందో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మందు వేయిద్దామని మీ ఇంట్లోనూ అంటారేమో. ఎవరి నమ్మకం వారిది, మేం మాత్రం ఆయాసపడే చిన్నపిల్ల గొంతులోకి బతికున్న చేపను పంపడానికి ఒప్పుకోలేదు. కర్పూరం మూట కట్టడం మానేయండి, పొరపాటున మింగితే ఫిట్స్ వస్తాయి. మరిగే నీళ్ల గిన్నె దగ్గర ఆవిరి పట్టడం కూడా వద్దు, కాలిన గాయాలు అవుతాయి. జలుబు సిరప్‌లు ఈ కూతలకు పనిచేయవు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపినవి నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీసాల మీదే రాయమంది. మా ఇంట్లో తేడా కనిపించింది దోమల చుట్ట, సాంబ్రాణి ఆపేశాక.

ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎన్ని పఫ్‌లు, ఎంత తేడాతో, ఎప్పుడు రావాలో చీటీ మీద రాయించుకుని ఇన్‌హేలర్ డబ్బాలోనే పెట్టండి. మందు ఎంత మిగిలిందో చూపే అంకె ఉన్న ఇన్‌హేలర్ దొరికితే అదే తీసుకోండి.