అప్పు కట్టలేదని మా నాయన్ని దొంగలున్న గదిలో పెట్టారు

వీసా గడువు దాటిన విదేశీయుల్ని, అప్పు కట్టలేనివాళ్లని నేరస్థులతో పాటు జైల్లో ఉంచడం తప్పా అని అడిగారు. తప్పే. మా ఇంట్లో జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. పక్క తోట ఆయన బోరు వేయించడానికి అప్పు తీసుకుంటే మా నాయన ప్రోనోటు మీద పూచీ సంతకం పెట్టాడు. ఆ తోటాయన బెంగళూరు వెళ్లిపోయాడు, అప్పు మేమే కట్టాలని కోర్టు డిక్రీ మా మీద పడింది. డిక్రీ అమలు చెయ్యమని అప్పిచ్చినాయన వేసిన ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) నోటీసు వచ్చినప్పుడు మామిడికాయ కోతల హడావుడిలో ఉండి నాయన వాయిదాకి పోలేదు, వారంటు వచ్చేసింది.

మొదటి ములాఖత్ రోజు ఇంకా కళ్లముందే ఉంది. భుజాన తువ్వాలు లేకుండా వీధిలోకి రాని మనిషి, అరవై దాటినాయన, కటకటాల అవతల వట్టి భుజాలతో నిలబడి "తిన్నావా" అని నన్నే అడిగాడు. గొలుసు దొంగలు, సారా కేసులవాళ్లు, హత్య కేసు కుర్రాడు ఒకడు, అందరితో ఒకే గది. "ఏం కేసు పెద్దాయనా" అని రాత్రంతా అడిగారంట. "కేసు లేదు నాయనా, సంతకం" అన్నాడంట. ఎవరూ నమ్మలేదు.

సివిల్ ఖైదీల్ని, అంటే నేరం కాక అప్పులాంటి దావాల్లో జైలుకి వచ్చినవాళ్లని, వేరుగా ఉంచాలని 1894 జైళ్ల చట్టంలోనే ఉంది. వార్డరుకి చెప్తే "ఉండేదే రెండు గదులు, ఒకటి ఆడవాళ్లది" అన్నాడు.

నాయన్ని మూడు నెలలకి మించి ఉంచకూడదని లెక్కన్నా ఉంది. అస్సాంలో విదేశీయులని తేల్చినవాళ్లని ఏళ్ల తరబడి జిల్లా జైళ్లలోనే పెట్టారు. మూడేళ్లు దాటినవాళ్లని షరతుల మీద వదలమని 2019లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. శిక్షే పడని మనిషికి మూడేళ్లేంటి!

కట్టే స్తోమత లేనివాణ్ణి అప్పు కోసం జైలుకి పంపకూడదని 1980లోనే సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పిచ్చారు. ఆ ముక్క మా వకీలు ముందే చెప్పి నాయన్ని వాయిదాకి తీసుకెళ్లుంటే ఇదంతా జరిగేది కాదు, ఫీజు మాత్రం వాయిదాకింతని లెక్కపెట్టి తీసుకున్నాడు.

ఇంకో సంగతి తెలుసా, సివిల్ ఖైదీ తిండి ఖర్చుకి బత్తా అప్పిచ్చినవాడే కట్టాలి. ఆయన కట్టడం ఆపేశాడు, పంతొమ్మిదో రోజు సాయంత్రం నాయన్ని వదిలేశారు. జైలుకి పోయొచ్చాడు కదా, బాకీ తీరిపోయిందని ఊళ్లో అనుకున్నారు. తీరదు. మళ్లీ అరెస్టు చెయ్యరు, అంతే. ఆ డబ్బు ఇప్పటికీ మేమే కడుతున్నాం, బెంగళూరు ఆయన ఫోనెత్తడు.