గాల్లో ఉండగా యోక్ (విమానం నడిపే హ్యాండిల్) మాట వినకపోతే?

త్వరలో ఫస్ట్ సోలో (మొదటిసారి ఒంటరిగా విమానం నడపడం), పైన కంట్రోల్స్ ఏమైనా తేడా చేస్తే ఎలాగో అని నిద్ర పట్టట్లేదు అన్నారు కదా. నాకు ట్రైనింగ్‌లో జరిగింది చెప్తాను.

సెస్నా 172 అనే చిన్న విమానంలో పైకి ఎక్కుతున్నాం, పక్కన ఇన్‌స్ట్రక్టర్ సార్. ముక్కు కిందికి పోతోంది, యోక్ ఎంత వెనక్కి లాగినా ఇంకా బరువెక్కుతోంది, చూస్తే మోకాలి పక్కన ట్రిమ్ వీల్ (యోక్ లాగి పట్టుకోకుండానే ముక్కును ఒక తీరులో నిలిపే చక్రం) ఎవరూ ముట్టుకోకుండానే దానంతటదే ముందుకి తిరుగుతోంది. ఎలక్ట్రిక్ ట్రిమ్ రన్‌అవే, అంటే ట్రిమ్‌ని తిప్పే మోటార్ అదుపు తప్పడం. "ముక్కు పట్టుకో, ఎర్ర బటన్ నొక్కు, వదలకు" అన్నారు సార్. ఆ మోటార్‌ని ఆపే బటన్ అది, నొక్కి పట్టుకోగానే వీల్ ఆగింది, ఆయన దానికి కరెంటు ఆపే సర్క్యూట్ బ్రేకర్ లాగేశారు, ఇక చేత్తోనే ట్రిమ్ చేసుకుంటూ వచ్చి దిగాం.

ఎందుకైందో కింద చూసుకోవచ్చు, పైన ఉన్నప్పుడు ముందు ముక్కు, స్పీడు నిలబెట్టాలి. మీరు ఏదో చేసిన వెంటనే తేడా వస్తే చేసింది వెనక్కి తీసేయండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) దించగానే విమానం ఒక పక్కకి ఒరిగిపోతే ఒకవైపే దిగి ఉండొచ్చు, లివర్ పాత చోటికే పెట్టేయాలి.

ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కేబుల్ తెగితే ట్రిమ్ ఉంది. 172 మాన్యువల్ చెప్పేది ఏంటంటే ట్రిమ్, పవర్‌తో లెవెల్‌లో సెట్ చేసుకుని, ఆ తర్వాత ట్రిమ్ కదపకుండా పవర్‌తోనే దిగుతూ రావాలి, నేల దగ్గరికొచ్చాక మాత్రం పవర్ ఒక్కసారిగా తీసేస్తే ముక్కు పడిపోతుంది కాబట్టి అక్కడ ట్రిమ్ ఫుల్ నోస్ అప్ పెట్టి, చక్రాలు తాకాకే థ్రాటిల్ మూయాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి: ఎలివేటర్ తెగకుండా ఒకచోట జామ్ అయితే ట్రిమ్ ఉల్టా పనిచేస్తుంది, అదీ కొద్దిగానే, ఎందుకంటే అప్పుడు ఎలివేటర్ అంచున ట్రిమ్ కదిపే చిన్న పలక, ఆ ట్యాబే ఎలివేటర్ అవుతుంది. ఐలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించే రెక్క పలక) పోతే రడ్డర్‌తో (ముక్కుని కుడి ఎడమలకి తిప్పే తోక పలక) మెల్లగా తిప్పుకోవచ్చు.

మెయింటెనెన్స్ నుంచి వచ్చిన విమానమైతే కంట్రోల్స్ ఫ్రీగా కదిలితే చాలదు, కరెక్ట్ వైపు కదులుతున్నాయా చూడాలి. యోక్ మీద బొటనవేలు పైకి పెట్టి తిప్పితే, అది చూపించే వైపు ఐలరాన్ పైకి లేవాలి. 2018లో పోర్చుగల్‌లో ఎయిర్ అస్తానా ఎంబ్రేయర్ విమానం ఐలరాన్ కేబుల్స్ తారుమారుగా కలిపి ఉండగానే ఎగిరింది, పైలట్లు ఎంతో పోరాడి బేజాలో దింపగలిగారు.

సోలోకి ముందే మీ సార్‌ని అడగండి, మంచి ఎత్తులో ఆయన పక్కనుండగా యోక్ వదిలేసి ట్రిమ్, పవర్, రడ్డర్‌తోనే కాసేపు నడపనివ్వమని.