హ్యాండిల్ కొనడానికి ముందు కొలత టేపు పట్టుకోండి
పాఠకుల ప్రశ్నలు – సైకిల్ జవాబులు

ప్రశ్న: నా దగ్గర 1990ల నాటి మౌంటెన్ సైకిల్ ఉంది. దానికి తిన్నని హ్యాండిల్, 110 మిల్లీమీటర్ల స్టెమ్ (హ్యాండిల్‌ను ముందు ఫోర్క్‌కు కలిపే ముక్క), వి-బ్రేకులు (రిమ్మును రెండు పక్కలా నొక్కే పొడవాటి చేతుల బ్రేకులు), ముందు 3, వెనక 8 గేర్లు ఉన్నాయి. రోజూ 30 కిలోమీటర్లకు పైగా తొక్కుతాను. గంట దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, ఎదురుగాలి ఉన్న రోజు ఒంటిని వంచి తొక్కడానికి వీలు చిక్కడం లేదు. రేసు సైకిళ్లకు ఉండే వంపు హ్యాండిల్, అంటే డ్రాప్ హ్యాండిల్ దీనికి వేయించుకోవచ్చా? ఇప్పుడున్న బ్రేక్ లివర్లు, గేర్ షిఫ్టర్లు దానికి పనికి వస్తాయా?

జవాబు: వేయించుకోవచ్చు. అయితే లివర్లూ షిఫ్టర్లూ రెండూ పనికి రావు. చాలామంది ముందు హ్యాండిల్ కొని తెచ్చి, తర్వాత ఒక్కొక్క భాగమూ అమరడం లేదని తెలుసుకుంటారు. ఈ మొత్తం పనిలో చవకైన భాగమూ, సులువుగా బిగిసే భాగమూ హ్యాండిలే. కాబట్టి దాన్ని చివరికి వదిలి, ముందు ఫ్రేము పొడవు, తర్వాత బ్రేకు, ఆ తర్వాత గేర్ల సంగతి తేల్చుకోండి.

దానికన్నా ముందు మీ తిమ్మిరి గురించి ఒక మాట చెప్పాలి. తిమ్మిరి ముఖ్యంగా చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ వస్తుంటే, అరచేతి బయటి అంచున వెళ్లే నరం మీద బరువు పడుతోందని అర్థం. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్లు ముందుకు జారి, ఆ బరువంతా చేతుల మీదికి వస్తుంది. సీటును సమతలంగా సరిచేసి ఒక వారం తొక్కి చూడండి. అంతటితో తిమ్మిరి తగ్గిపోతే ఖర్చు మిగిలినట్టే. ఎదురుగాలి ఇబ్బంది మాత్రం సీటు సర్దినంత మాత్రాన పోయేది కాదు కనుక డ్రాప్ హ్యాండిల్ ఆలోచన అప్పుడు కూడా అలాగే నిలుస్తుంది.

ఇక పొడవు సంగతి. తిన్నని హ్యాండిల్ మీద మీ చేతులు స్టెమ్ బిగింపు ఉన్న చోటికి దాదాపు సమానంగా గాని, కొంచెం వెనక్కి గాని ఉంటాయి. డ్రాప్ హ్యాండిల్ మొదట స్టెమ్ నుంచి ముందుకు సాగి, ఆ తర్వాతే కిందికి వంగుతుంది. ఆ ముందుకు సాగే దూరం ఇప్పటి హ్యాండిళ్లలో సాధారణంగా 70 నుంచి 85 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని చివర బ్రేక్ లివర్ మొద్దు ఉంటుంది. ఎక్కువ సమయం చేయి ఆనించేది ఆ మొద్దు మీదనే కాబట్టి, మొత్తం మీద చేతులు ఇప్పటికన్నా సుమారు 100 మిల్లీమీటర్లో అంతకు కొంచెం ఎక్కువో ముందుకు వెళతాయి. డ్రాప్ హ్యాండిల్ కోసమే తయారయ్యే ఫ్రేముల్లో పై గొట్టం పొట్టిగా ఉండేది ఇందుకే. మీ ఫ్రేము అలాంటిది కాదు కాబట్టి, ఈ తేడాను స్టెమ్ దగ్గరే తగ్గించుకోవాలి.

ఈ విషయంలో మీ పాత సైకిల్ మీకు మేలే చేస్తోంది. 110 స్టెమ్ తీసి 50 పెడితే 60 మిల్లీమీటర్లు వెనక్కి వస్తాయి. హ్యాండిల్ ఎత్తు పెంచినా కొంత కలిసి వస్తుంది: స్టెమ్ బిగిసే ఫోర్క్ గొట్టం వెనక్కి వాలి ఉంటుంది కనుక, 72 డిగ్రీల వాలు ఉన్న ఫ్రేములో ప్రతి 10 మిల్లీమీటర్ల ఎత్తుకు హ్యాండిల్ సుమారు 3 మిల్లీమీటర్లు మీ వైపు జరుగుతుంది. అంటే 30 మిల్లీమీటర్లు లేపితే మరో 9 మిల్లీమీటర్లు దక్కుతాయి. అప్పటికీ సుమారు 30 నుంచి 40 మిల్లీమీటర్ల చాపుడు మిగులుతుంది. ఇప్పుడు మీరు నిటారుగా, చేతులు దగ్గరగా పెట్టి కూర్చుంటుంటే ఆ మాత్రం చాపుడును ఒళ్లు సులువుగా ఓర్చుకుంటుంది. ఇప్పటికే చేతులు బిగదీసినట్టు చాచి తొక్కుతుంటే మాత్రం ఆ ఫ్రేము మీకు పెద్దదనుకోవాలి, దాని మీద ఈ మార్పు చేయకండి. మిగిలిన దూరాన్ని సీటు ముందుకు జరిపి సరిపెట్టుకోవచ్చునని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేయవద్దు. సీటు ఎక్కడ ఉండాలో మోకాలికీ పెడలుకూ ఉన్న లెక్క నిర్ణయిస్తుంది. చేతుల కోసం దాన్ని కదిపితే మోకాళ్లు నొప్పి పెడతాయి.

ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. సైకిల్‌ను గోడకు ఆనించి ఎక్కి కూర్చోండి. ఎవరినైనా ఒక కర్రను హ్యాండిల్‌కు అడ్డంగా, మీ లెక్క ప్రకారం కొత్త లివర్ మొద్దులు వచ్చే చోట గట్టిగా పట్టుకోమనండి. చేతులు ఆ కర్ర మీద ఆనించి, మోచేతులు కొంచెం వంచి, కళ్లెత్తి ముందుకు చూస్తూ అయిదు నిమిషాలు అలాగే ఉండండి. ఆ అయిదు నిమిషాల్లో మెడ లాగినా, మోచేతులు వాటంతట అవే బిర్రబిగిసినా మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత గొట్టాల కొలతలు చూడాలి. లివర్లు బిగించే చోట తిన్నని హ్యాండిల్ వ్యాసం 22.2 మిల్లీమీటర్లు, డ్రాప్ హ్యాండిల్ వ్యాసం 23.8 మిల్లీమీటర్లు. మీ పాత లివర్లు, షిఫ్టర్లు కొత్త హ్యాండిల్ మీదికి ఎక్కకపోవడానికి మొదటి కారణం ఇదే. స్టెమ్ పట్టే మధ్య భాగం కూడా ఎక్కువగా 25.4, 26.0, 31.8 అనే కొలతల్లో దొరుకుతుంది. ఆ కాలపు మౌంటెన్ స్టెమ్‌లు ఎక్కువగా 25.4వి, పాత డ్రాప్ హ్యాండిళ్లు ఎక్కువగా 26.0వి. తేడా 0.6 మిల్లీమీటర్లే కదా అని స్టెమ్ నోరు సాగదీసి ఎక్కించకండి. అక్కడ సన్నని పగులు పడితే అది పైకి కనబడదు, విరిగే రోజున ముందుగా చెప్పదు. ఎలాగూ పొట్టి స్టెమ్ కొనాలి కాబట్టి 31.8 స్టెమ్, 31.8 హ్యాండిల్ కలిపి తీసుకోవడం మంచిది. మీది ఫోర్క్ గొట్టం లోపలికి దిగే పాతరకం స్టెమ్ అయితే, ముందు అందులో ఒక అడాప్టర్ దించి దాని మీద కొత్త స్టెమ్ బిగించాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన బ్రేకుల సంగతి. లివర్ నొక్కినప్పుడు కేబుల్ ఎంత దూరం లాగబడుతుందో, ఆ దూరం బ్రేకుకు సరిపోవాలి. వి-బ్రేకు చేతులు పొడవైనవి కనుక వాటికి ఎక్కువ కేబుల్ కావాలి. మామూలు డ్రాప్ లివర్లు తక్కువ కేబుల్ లాగుతాయి. ఈ రెండింటినీ కలిపితే ఏమవుతుందో నేను నా సొంత సైకిల్ మీదే తెలుసుకున్నాను. బ్రేక్ షూలను రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో బిగించాను, మొదటి వారం బ్రేకు ఎంతో మెత్తగా, బలంగా పట్టింది. వాన పడిన ఒక రోజు షూలు కొద్దిగా అరిగాయి. ఒక దిగుడులో లివర్ నొక్కితే అది నేరుగా వచ్చి హ్యాండిల్‌కు తగిలింది. వేళ్లు లివర్‌కూ హ్యాండిల్‌కూ మధ్య నలిగిపోతున్నా చక్రం తిరుగుతూనే ఉంది. ఆ రోజు దారి పక్కన గడ్డిలోకి దించి ఆపాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా బ్రేకు విషయంలో సర్దుబాటు వద్దనే చెబుతున్నాను.

దీనికి సరైన దారులు మూడున్నాయి. ఒకటి, వి-బ్రేకులకు సరిపోయేలా ఎక్కువ కేబుల్ లాగే డ్రాప్ లివర్లు; టెక్ట్రో ఆర్ఎల్520 ఈ రకమే. రెండు, చేతులు 80 నుంచి 90 మిల్లీమీటర్లే ఉండే మినీ వి-బ్రేకులు. ఇవి మామూలు డ్రాప్ లివర్లతో పనిచేస్తాయి గాని, టైరు లావుగా ఉన్నా మడ్‌గార్డ్ ఉన్నా చోటు చాలదు. మూడు, పాతకాలపు క్యాంటిలివర్ బ్రేకులు, అంటే రెండు చేతులనూ మధ్యలో పైనుంచి కేబుల్ లాగే రకం. వీటికి ముందూ వెనకా కేబుల్ తగిలించే ఆధారాలు కావాలి, సర్దడానికి ఓపిక కూడా కావాలి. మీ సైకిల్‌కు నేను మొదటి దారినే సూచిస్తాను, ఎందుకంటే బాగా పనిచేస్తున్న బ్రేకులను అలాగే ఉంచి లివర్లు మాత్రం మార్చుకుంటే చాలు. కొనేటప్పుడు కేబుల్ తల కూడా చూసుకోండి: మౌంటెన్ బ్రేక్ కేబుల్ తల చిన్న పీపాలా ఉంటుంది, డ్రాప్ లివర్లకు వాడే కేబుల్ తల బేరిపండు ఆకారంలో ఉంటుంది. లివర్ గూటిలో సరిగా కూర్చోని తల ఏదో ఒక రోజు ఊడి వస్తుంది.

ఆ లివర్లలో గేర్ మార్చే ఏర్పాటు ఉండదు. అందుకని హ్యాండిల్ చివరల్లో దూర్చే బార్-ఎండ్ షిఫ్టర్లు పెట్టుకోండి. షిమానో కంపెనీ 7, 8, 9 గేర్ల కాలపు వెనక డిరైలర్లలో (డిరైలర్ అంటే గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి మార్చే భాగం) మౌంటెన్‌కూ రోడ్డుకూ కేబుల్ లెక్క ఒకటే, కాబట్టి మీది షిమానోదే అయితే 8 గేర్ల బార్-ఎండ్ షిఫ్టర్‌తో మీ వెనక డిరైలర్ టిక్కుటిక్కుమంటూ సరిగానే మారుతుంది. ముందు డిరైలర్‌కు ఆ పొత్తు లేదు. అయితే బార్-ఎండ్ షిఫ్టర్లలో ముందుదానికి టిక్కులు ఉండవు, ఎంత తిప్పితే అంత లాగుతుంది కనుక, మూడు పళ్లచక్రాల మధ్య గొలుసును మీ చేతి అంచనాతోనే మార్చుకోవచ్చు. రెండు మూడు రోజుల్లో చేయి పట్టుబడుతుంది. బ్రేకూ గేరూ ఒకే లివర్‌లో ఉండే రకం చూడటానికి బాగుంటుంది గాని, దాన్ని పెడితే మీ వి-బ్రేకులూ ముందు డిరైలరూ రెండూ మార్చవలసి వస్తుంది. ఆ ఖర్చుకు తగిన లాభం మీ ప్రయాణంలో నాకు కనబడటం లేదు.

మౌంటెన్ సైకిల్‌కు డ్రాప్ హ్యాండిల్ ఏమిటని ఎవరైనా వింతగా చూస్తే పట్టించుకోకండి. రోడ్డు పందేల్లో కూడా పోటీ పడుతున్న అమెరికన్ మౌంటెన్ రేసర్ జాన్ టోమాక్ 1990లో తన మౌంటెన్ సైకిల్‌కు డ్రాప్ హ్యాండిల్ పెట్టుకునే పందేలకు దిగాడు.

ప్రశ్న: నాది కొత్త మౌంటెన్ సైకిల్. ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, వెనక షిమానో 10 గేర్లు, 45 మిల్లీమీటర్ల స్టెమ్ ఉన్నాయి. దీనికి కూడా డ్రాప్ హ్యాండిల్ వేయవచ్చా?

జవాబు: మీకు మాత్రం వద్దనే చెబుతాను. కొత్త మౌంటెన్ ఫ్రేములు పొడవుగా, స్టెమ్‌లు పొట్టిగా వస్తున్నాయి. మీ స్టెమ్ ఇప్పటికే 45 కాబట్టి ఇక తగ్గించుకోవడానికి ఏమీ మిగల్లేదు, పెరిగే 100 మిల్లీమీటర్లూ మీ నడుం మీదే పడతాయి. మీ ఆయిల్ బ్రేకు లివర్లు డ్రాప్ హ్యాండిల్ మీదికి ఎక్కవు. కేబుల్‌తో పనిచేసే డిస్క్ క్యాలిపర్లు (డిస్కును పట్టి ఆపే భాగాలు) వేయాలనుకుంటే వాటిలో కూడా రోడ్డు లివర్లకు ఒక రకం, మౌంటెన్ లివర్లకు మరో రకం ఉంటాయి. షిమానో 10 గేర్ల దగ్గర మౌంటెన్ డిరైలర్, రోడ్డు షిఫ్టర్ లెక్కలు వేరయ్యాయి కనుక అవి ఒకదానితో ఒకటి కలవవు. ఇవన్నీ మార్చిన తర్వాత మీ దగ్గర మిగిలేది మీ ఒంటికి సరిపడని సైకిలే.

మీకు కావలసింది చేతులు మార్చి మార్చి పెట్టుకోవడానికి చోట్లే అయితే, సీతాకోకచిలుక రెక్కల్లా ముందుకు వంగి తిరిగి వెనక్కి వచ్చే బటర్‌ఫ్లై హ్యాండిల్ వేసుకోండి. 22.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నది తీసుకుంటే ఇప్పుడున్న లివర్లు, షిఫ్టర్లు అలాగే ఎక్కుతాయి. అది కూడా ఎక్కువనుకుంటే, ఉన్న హ్యాండిల్ చివరలకే కొమ్ముల్లాంటి బార్-ఎండ్ కడ్డీలు బిగించండి. అరచేతిని పక్కకు తిప్పి పట్టుకోగలిగితేనే మణికట్టుకు ఎంతో ఉపశమనం దొరుకుతుంది.

ప్రశ్న: డ్రాప్ హ్యాండిల్ బిగించాను, ఇక టేపు చుట్టాలి. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: టేపు చుట్టడానికి ముందు రెండు పనులు చేయండి. హ్యాండిల్‌ను కుడికీ ఎడమకూ చివరిదాకా తిప్పి, ఏ కేబులూ బిగుసుకుపోవడం లేదని చూడండి. ముందు చక్రాన్ని గోడకు ఆనించి, లివర్ మొద్దుల మీద చేతులు పెట్టి మీ బరువంతా వేయండి. హ్యాండిల్ గాని, లివర్లు గాని కొద్దిగానైనా తిరిగితే టేపు పక్కన పెట్టి బోల్టులు మళ్లీ చూడాలి. స్టెమ్ ముందున్న నాలుగు బోల్టులనూ ఒకదాని తర్వాత దాని ఎదురుమూల దాన్ని కొంచెం కొంచెంగా, స్టెమ్ మీద ముద్రించిన బిగువు దాకానే తిప్పండి. బ్రేకుకు గేర్ కేబుల్ తొడుగు వాడలేదని కూడా నిర్ధారించుకోండి. గేర్ తొడుగులో తీగలు నిలువుగా ఉంటాయి, గట్టిగా బ్రేకు వేస్తే ఆ తొడుగు చీలిపోగలదు.

టేపు కింది చివర నుంచి మొదలుపెట్టి స్టెమ్ వైపు చుట్టుకుంటూ రావాలి. అలా చుడితే ప్రతి చుట్టూ దాని కిందిదాన్ని కప్పుతుంది, చేతి రాపిడికి అంచులు లేవవు. కింది వంపు దగ్గర టేపు గొట్టం పై నుంచి బయటి వైపుకు తిరగాలి, అంటే వెనక నుంచి చూస్తే కుడి చేతి వైపు గడియారం ముల్లు తిరిగినట్టు, ఎడమ చేతి వైపు దానికి ఎదురుగా తిరగాలి. తొక్కేటప్పుడు చేతులు బయటికి మెలితిప్పుతాయి కనుక, ఆ దిశలో చుట్టిన టేపు వదులవకుండా ఇంకా బిగుసుకుంటుంది. ప్రతి చుట్టూ ముందుదానిని మూడో వంతు కప్పేలా, ఒకే బిగువుతో లాగుతూ చుట్టండి. చివరల్లో ప్లగ్గులు తప్పకుండా పెట్టండి. సైకిల్ పడినప్పుడు తెరిచి ఉన్న గొట్టం అంచు తొడలో దిగితే గాయం లోతుగా అవుతుంది.