లోగిట్లోనా, లోగిలిలోనా?

సందేహం: మా ముత్తాతగారి కాలం నాటి మండువా ఇంటి గురించి, దగ్గర్లోనే ఉన్న పల్లిపాడు ఆశ్రమం గురించి నాలుగు పేజీలు రాసి సంక్రాంతికి బంధువులకు పంచాలనుకున్నాను. ‘లోగిలిలో తులసికోట’, ‘వాకిలిలో ముగ్గులు’ అని రాస్తే మా మేనత్త ‘లోగిట్లో’, ‘వాకిట్లో’ అని దిద్దింది. అవి మాటల్లో వాడేవి కదా, అచ్చులో మోటుగా ఉండవా? ‘ముత్తాతగారి చేత నిర్మించబడినది’ అన్న వాక్యం కూడా కొట్టేసింది. ‘మిద్దె’ను నేను ‘మేడ’గా మారిస్తే మళ్ళీ మిద్దే చేసింది. ఆమెదే ఒప్పా?
— ఒక పాఠకురాలు, ఇందుకూరుపేట

సమాధానం: అన్నిటా మీ మేనత్తగారిదే ఒప్పు. అయితే ఎందుకు ఒప్పో తెలిస్తే మిగతా పేజీలు మీరే దిద్దుకోగలరు.

‘లోగిట్లో’ అన్నది ‘లోగిలిలో’కి మోటు రూపమని మీరు అనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, పత్రికల వాళ్ళతో సహా. ‘ఇల్లు’ అనే మాటనే చూడండి. ‘ఇల్లులో’ అని ఎవరూ అనరు. ‘ఇంటిలో’ అంటాం, అది మాట్లాడేటప్పుడు ‘ఇంట్లో’ అవుతుంది. విభక్తి వచ్చేసరికి ‘ఇల్లు’ పోయి ‘ఇంటి’ వస్తుంది. ‘లోగిలి’కీ అంతే: లోగిలి, లోగిటి, లోగిటిలో, లోగిట్లో. వాకిలికి వాకిటి, ముంగిలికి ముంగిటి. అంటే ‘లోగిట్లో’ని విప్పితే వచ్చేది ‘లోగిటిలో’. ‘లోగిలిలో’ కాదు. ఇలా మధ్యలో చేరే ఇ, టి, తి అనే మూడింటినీ చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలు అన్నాడు. కాలు–కాలి, ఇల్లు–ఇంటి, నుయ్యి–నూతి అన్నవి ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ. పేరు నోరు తిరగకపోయినా పని మాత్రం రోజూ మన నోట్లో జరిగేదే. (నోరు–నోటి–నోట్లో. చూశారా!)

‘గుళ్ళో’, ‘బళ్ళో’ సంగతి వేరు. అవి ‘గుడిలో’, ‘బడిలో’ అన్నవాటిని తొందరగా పలికితే వచ్చినవి. వాటిని అచ్చులో ‘గుడిలో’ అని రాసుకుంటే చక్కగా ఉంటుంది. మీరు ‘లోగిట్లో’ని కూడా ఆ జాబితాలో కలిపేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది. మరీ గ్రాంథికంగా కావాలంటే ‘లోగిటిలో’ అని రాయండి, లేదా ఒట్టి ‘లోగిట’ అనండి. ‘ముంగిట ముగ్గు’, ‘వాకిట తోరణం’ ఎంత బాగుంటాయో.

పాత ఇంట్లో ఇలాంటి మాటలు అడుగడుగునా ఉంటాయి. రోలు–రోటి, రోకలి–రోకటి: ‘రోట్లో తలదూర్చి రోకటిపోటుకు వెరవనేల’ అన్న ఒక్క సామెతలోనే రెండూ ఉన్నాయి. పెరడు–పెరటి: పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటాం గానీ ‘పెరడు చెట్టు’ అనం. గూడు–గూటి, పందిరి–పందిటి. ఈ మధ్య ‘పందిరిలో’, ‘రోకలితో’ అనేవాళ్ళే ఎక్కువ, వాటిని తప్పని కొట్టేయాల్సిన పని లేదు. ‘వాకిలిలో’ కూడా అదే దారిలో ఉందనుకుంటాను. కానీ నూరేళ్ళ నాటి ఇంటి గురించి రాస్తూ ఆ ఇంటివాళ్ళ నోట రాని రూపం ఎందుకు?

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. బహువచనంలో ఈ ‘టి’ రాదు: ఇళ్ళలో, వాకిళ్ళలో, లోగిళ్ళలో అనే రాయాలి. అలాగే ‘వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లారు’ అన్నచోట వాకిలి వాకిలిగానే ఉంటుంది. అక్కడ ‘వాకిటిని’ అని దిద్దబోకండి.

ఇక మండువా, మిద్దె, అటక, వసారా, అరుగు మారవు. మండువాలో, మిద్దె మీద, అంతే. మండువా అంటే నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, నడిమధ్య ఆకాశం కనిపించే చోటు. చూరు నీళ్ళన్నీ అందులో పడి తూములోంచి బయటికి పోతాయి. ఇంటికంతటికీ దాని పేరే పెట్టి ‘మండువా ఇల్లు’ అంటాం. లోగిలి అంటే ఇల్లూ ఆవరణా అంతా. కాబట్టి మీరు రాసిన ‘మండువా లోగిలి’లో చెప్పిందే చెప్పడం ఏమీ లేదు.

మిద్దె అంటే పైన చదునుగా కప్పు వేసింది. మేడ అంటే పైన ఇంకో అంతస్తు ఉండాలి. మీరు ఫొటో పంపిన వెనకవైపు గదుల మీద అంతస్తు లేదు. టేకు దూలాలు, వాటి మీద ఏటవాలు వరసల్లో నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు, సున్నం. దీన్నే మద్రాసు మిద్దె అంటారు. మేడ అని రాస్తే లేని అంతస్తు ఒకటి కట్టినట్టవుతుంది!

‘ముత్తాతగారి చేత నిర్మించబడినది’ గురించి ఎక్కువ చెప్పను. ‘ముత్తాతగారు కట్టించారు’ అంటే సరిపోతుంది. కట్టడం వేరు, కట్టించడం వేరు. కట్టింది తాపీమేస్త్రీ, కట్టించింది ముత్తాతగారు. మామూలు మాటల్లో ఇంటాయనే ‘ఇల్లు కట్టాను’ అంటాడు, అది వేరే విషయం. కానీ మీరు మేస్త్రీ పేరు కూడా రాశారు కాబట్టి ఈ తేడా పాటించండి. ఆశ్రమం పేజీలోనూ ‘గాంధీజీ చేత ప్రారంభించబడి, కనకమ్మ గారిచే భూమి ఇవ్వబడి’ అని ఊపిరి తిరగకుండా రాశారు. పొణకా కనకమ్మ 13 ఎకరాలు ఇచ్చారు, దక్షిణాఫ్రికాలో గాంధీజీకి మిత్రుడైన పార్శీ రుస్తుంజీ భవనానికి 10,000 రూపాయలు ఇచ్చారు, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించారు. ఇంతే కదా! ఎవరేం చేశారో వాళ్ళతోనే వాక్యం మొదలుపెడితే ‘బడు’తో పని పడదు.

మీరు అడగలేదు గానీ, ఆ పేజీల్లో అందరినీ ‘నివసించారు’ అనేశారు. తెలుగులో ఒకచోట ఉండటానికి చాలా మాటలున్నాయి. మీ తాతగారి కుటుంబం ఆ ఇంట్లో కాపురముంది. సావిట్లో బడి నడిపిన పంతులుగారు అద్దెకున్నారు. జమాబందీకి వచ్చిన తాసిల్దారు మకాం చేశారు. పెళ్ళివారికి విడిది ఇచ్చారు. ఆశ్రమం నడిపిన దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య గార్ల విషయంలో ‘నివసించారు’ నప్పుతుంది. ‘ఆశ్రమంలో ఉన్నారు’ అంటే ఇంకా హాయిగా ఉంటుంది. ప్రారంభోత్సవానికి వచ్చిన గాంధీజీకి మాత్రం అది తీసేయండి.

సావిడా, చావడా అని మార్జిన్‌లో ప్రశ్నార్థకం పెట్టారు. రెండూ ఉన్నాయి, మీ ఇంట్లో ఏదంటే అదే రాయండి. ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో ఇంకొకటి మాత్రం వద్దు.