మెడికల్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ కొత్తగా డిజైన్ చేసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకోండి. పరిశోధకులు స్కాన్లు చూడ్డానికి వాడే 3డీ స్లైసర్ సాఫ్ట్‌వేర్‌నే చూడండి. 2011లో నాలుగో వెర్షన్‌కి బటన్లు, మెనూలు గీసే పాత కేడబ్ల్యూవిడ్జెట్స్ టూల్‌కిట్ తీసేసి క్యూటీ అనే మరో టూల్‌కిట్‌తో తెరంతా తిరగరాశారు, పైథాన్‌కి పెద్దపీట వేశారు. తెరిచిన స్కాన్లు, సెట్టింగులన్నీ కలిపిన సీన్‌ను సేవ్ చేసే ఎంఆర్ఎంఎల్ ఫార్మాట్‌ను మాత్రం వదల్లేదు. నా లెక్కలో అసలు తెలివి అదే. బటన్ చోటు మారితే జనం నాలుగు రోజులు విసుక్కుంటారు, పాత డేటా తెరుచుకోకపోతే పరిశోధన పేపరే ఆగిపోతుంది.

శరీరంలో దిక్కులు చెప్పే అక్షాలతో ఇంకో టెన్షన్. స్లైసర్ లోపల కుడి, ముందు, పై దిక్కులు ప్లస్. ఆసుపత్రుల స్కాన్ ఫైళ్లకు వాడే ప్రామాణిక ఫార్మాట్ డైకామ్‌లో ఎడమ, వెనుక, పై. ఫైల్ రాసే కోడ్ మార్చినప్పుడు ఈ గుర్తులు తారుమారైతే కుడివైపు గడ్డ ఎడమవైపుకు పోతుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే కుడి ఎడమలు ముందే తెలిసిన స్కాన్లతో పాత, కొత్త వెర్షన్లను పోల్చే టెస్టులు మొదటి నెలలోనే రాయించండి.