స్నేహితుడి కంపెనీకి లీగల్ నోటీసు వచ్చింది, 10 లక్షలు పెట్టొచ్చా?

మీ స్నేహితుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు, వాటా ఇస్తానంటున్నాడు. ఇంతలో అతని పాత కంపెనీ వాళ్లు ‘మా కోడ్ వాడుకుంటున్నావు’ అని నోటీసు పంపారు. ఇదేగా మీ టెన్షన్?

నేనూ 2018లో ఇలాగే 8 లక్షలు పెట్టాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో పన్నెండు మందితో నడిచే కంపెనీ, ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు. నడిపే అబ్బాయిది మా అనంతపురమే. మారతహళ్లిలో ఆంధ్రా మెస్సులో భోంచేస్తూ “కేసులేమైనా ఉన్నాయా తమ్ముడూ?” అని అడిగాను. “ఒక ఫ్రీలాన్సర్‌తో చిన్న గొడవన్నా, 3 లక్షల లోపే” అన్నాడు. అంతేకదా అనుకుని గోంగూర కలుపుకున్నాను.

గొడవ దేని మీదో అడగలేదు, అదీ నేను చేసిన తప్పు. ఆ ఫ్రీలాన్సర్ (ఉద్యోగి కాకుండా బయటినుంచి పని చేసినవాడు) రాసింది బిల్లింగ్ మాడ్యూలే, అంటే సాఫ్ట్‌వేర్‌లో బిల్లులు వేసే భాగమే. అది లేకపోతే అమ్ముకోవడానికి ఇంకేమీ లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి తన పనిలో భాగంగా రాసిన కోడ్ మామూలుగా కంపెనీదే. బయటివాడు రాస్తే మాత్రం, సంతకం పెట్టి రాసిస్తే తప్ప హక్కు అతనిదే. డబ్బులిచ్చేశాం కదా అంటే చెల్లదు. రాసిచ్చినా, ఆ కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్లకే, ప్రాంతం లేకపోతే ఇండియాకే అని లెక్క. మావాడి దగ్గరున్నదల్లా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ స్క్రీన్‌షాట్, ‘థాంక్స్ బ్రో’ అన్న వాట్సాప్ మెసేజ్.

ఆ ఫ్రీలాన్సర్ కోర్టుకెళ్లి డబ్బుతో పాటు ఆ మాడ్యూల్ వాడకుండా స్టే అడిగాడు. స్టే రాలేదు. కానీ విషయం తెలిసి, అందరికంటే పెద్ద కస్టమర్ రెన్యువల్ ఆపేశాడు. వాయిదా ఉన్న రోజల్లా మావాడు సివిల్ కోర్టు వరండాలోనే. చివరికి ఫ్రీలాన్సర్ మొదట అడిగినదానికి రెట్టింపు ఇచ్చి రాజీ పడ్డారు. నాకు తిరిగొచ్చింది 5 లక్షలు.

ఇక మీ సంగతి. ముందు నోటీసు కాపీ, దానికిచ్చిన జవాబు చూడండి. ‘పోటీ వ్యాపారం చేయకూడదు’ అన్న షరతు ఒక్కటే వాళ్ల పట్టైతే నేను పెద్దగా భయపడను. ఉద్యోగం మానేశాక కూడా వర్తించే అలాంటి షరతులు కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవవు. కోడ్ అంటే వేరే కథ. మీవాడి రిలీవింగ్ లెటర్ తారీఖు, గిట్‌లో (కోడ్ మార్పులను తారీఖులతో సహా దాచే సాధనం) మొదటి కమిట్ తారీఖు, అంటే తొలిసారి కోడ్ దాచిన తారీఖు, పక్కపక్కన పెట్టి చూడండి. కమిట్ ముందుంటే, అదీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసిందైతే, నేనైతే రూపాయి పెట్టను.

కోర్టు కేసుల వివరాలు దొరికే ఈకోర్ట్స్ సైటులో కంపెనీ పేరుతోనూ, మీవాడి సొంత పేరుతోనూ వెతకండి. మన ఇంటిపేర్లు ముందొకసారి, వెనకొకసారి రాస్తారు కాబట్టి రెండు మూడు స్పెల్లింగులు కొట్టాలి. హైకోర్టుకు విడిగా చూడండి. నోటీసులు, ఆర్బిట్రేషన్‌లు (కోర్టు బయట మధ్యవర్తి తీర్చే గొడవలు) అక్కడ కనబడవు. అందుకే పెండింగ్ గొడవలన్నీ ఇవేనని అతని చేత ఒప్పందంలో రాయించుకోండి. కంపెనీ పాతదైతే ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో ‘కంటింజెంట్ లయబిలిటీస్’ (కేసు ఓడిపోతే కట్టాల్సి రావచ్చు లాంటి బాకీలు) చదవండి. మావాడి దాంట్లో ‘నిల్’ అని ఉండేది లెండి.

నష్టం వస్తే నేనే భరిస్తానని మీవాడు రాసిచ్చినా, అతని దగ్గర ఉన్నంతవరకే వసూలవుతుంది. దానికంటే ఇప్పుడు 3 లక్షలు, పాత కంపెనీతో రాతపూర్వకంగా తెగిపోయాక మిగతా 7 అని అడగండి. నోటీసు కాపీ చూపించడానికే నసిగితే ఆ 3 కూడా వద్దు.