పాత బైకు వెనక షాక్ అబ్జార్బర్లు బాగు చేయించడం లాభమేనా, కొత్తవి కొనాలా?

ముందుగా సీటు నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగితే డ్యాంపింగ్ (ఊగుడును అణిచే గుణం) బాగున్నట్టే. టకటక మోత మాత్రమే ఉంటే రెండు చివర్లా ఉండే రబ్బరు బుష్‌లు మారిస్తే చాలు. ఊగుతూనే ఉంటే ఆయిలు పోయినట్టు. అప్పుడు విప్పించి, లోపలికీ బయటికీ కదిలే రాడ్డు మీద గోటితో గీసి చూడండి. తుప్పు గుంటలు గోటికి తగిలితే కొత్త సీలు (ఆయిలు కారకుండా ఆపే రబ్బరు రింగు) వేసినా త్వరలోనే కోసుకుపోయి మళ్లీ కారుతుంది. రాడ్డుకు హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమియం పూత) చేయించాలి, లేదా కొత్త జత కొనాలి. నా ఓటు కొత్త జతకే.

మరతో బిగించిన మూత ఉన్నవాటికే సీలు, ఆయిలు తేలిగ్గా మార్చవచ్చు. అంచు నొక్కి మూసినవాటితో కుస్తీ పట్టడం దండగ. గ్యాస్ నింపినవాటిని ఇంట్లో తెరవకండి. స్ప్రింగును కంప్రెసర్‌తో (దాన్ని నొక్కి పట్టే పనిముట్టుతో) బిగించకుండా అసలే విప్పవద్దు, ఎగిరి ముఖానికి తగలవచ్చు. ఆయిలు రెండు అబ్జార్బర్లలోనూ ఒకే రకం, ఒకే కొలతలో పోయించండి.